తలకిందుల ఫోటో

“కొంచెం నవ్వండి మేడమ్! స్మైల్ ప్లీజ్!”

శబరి నది ఒడ్డున నల్లటి బండ మీద నిలబడి రాజ్‌కుమార్ గట్టిగా అరిచాడు. అలవాటులో పొరపాటు. కిరండూల్‌లో పెళ్ళి పీటల మీది జంటలకీ, బారసాల పాపాయిలకీ, పదవీ విరమణ చేసే రైల్వే ఉద్యోగులకీ ఆ మాట చెప్పీ చెప్పీ అతని నోటికి ఇంకో మాట రాకుండా పోయింది.

అవతల ఉన్నది పెళ్ళికూతురు కాదు. ఎర్ర హెల్మెట్ పెట్టుకుని, సన్నటి కయాక్ పడవలో నడుము దాకా దిగి కూర్చుని, నురగలు కక్కే నీళ్ళ మీంచి బాణంలా దూసుకొస్తున్న అమ్మాయి.

ఆ అమ్మాయి నవ్వలేదు. బండ దగ్గరికి రాగానే తెడ్డుతో నీటిని ఒక్క చరుపు చరిచింది. బిందెడు నీళ్ళు ఎగిరొచ్చి రాజ్‌కుమార్ మొహాన పడ్డాయి. కళ్ళు తుడుచుకుని చూసేసరికి కయాక్ మలుపు తిరిగిపోయింది. ఒడ్డున తమ వంతు కోసం కూర్చున్న ఆటగాళ్ళంతా పగలబడి నవ్వుతున్నారు.

కాసేపటికి ఆ అమ్మాయి కయాక్‌ని భుజాన వేసుకుని, నీళ్ళు కారుతున్న జడతో రాళ్ళ మీంచి నడుచుకుంటూ వచ్చింది.

“ఏంది సార్, నీళ్ళల్ల నవ్వుకుంట రావాల్నా? నోరు తెరిస్తె శబరి సగం నా కడుపులకే పోతది.”

“ఏటండీ అంత కోపం? ఫోటో బాగా రావాలనీ...”

ఆమె ఆగింది. “ఏటి అంటె ఏంది?”

“ఏంది అంటే ఏటి,” అన్నాడు రాజ్‌కుమార్, జుట్టు పిండుకుంటూ.

ఇంకాసేపు కోపంగానే ఉండాలని ఆమె ప్రయత్నించింది. పెదవులు మాట వినలేదు. అంత మంచి నవ్వు ఎదురుగా ఉండగా, రాజ్‌కుమార్ చేతిలో కెమెరా ఉంది గానీ, లెన్స్ నిండా నీళ్ళే.

ఆమె పేరు సోడి గంగే. ఆ ఒడ్డునున్న కొంటా పట్టణానికి దగ్గర్లోనే ఊరు. సుక్మాలో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. చిన్నప్పటి నుంచీ తండ్రి వెంట దోనె మీద చేపల వేటకి వెళ్ళి శబరితో చనువు పెంచుకుంది. దుర్గేశ్ అనే కోచ్ కొన్ని పాత కయాక్‌లు తెచ్చి నేర్పడం మొదలుపెట్టినప్పుడు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది ఆమే. వచ్చే ఆదివారం ఇక్కడే సెలెక్షన్ పోటీ. నీటి మీద తీగలకి జతలు జతలుగా కర్రలు వేలాడదీస్తారు, ఒక్కో జత ఒక గేటు. ఒక్క కర్రనీ తాకకుండా వాటి మధ్య నుంచి త్వరగా దిగినవాళ్ళు నర్మద మీద జరిగే జాతీయ పోటీలకి వెళ్తారు.

రాజ్‌కుమార్ తండ్రి కూర్మారావు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కిరండూల్ లైన్లో రైలింజన్ నడుపుతున్నాడు. కొడుక్కి మాత్రం కెమెరా పిచ్చి. స్టూడియో పెట్టాడు. ప్రాక్టీసు రోజుల నుంచే ఫోటోలు కావాలని క్రీడాసంఘం వాళ్ళు పిలవగానే దంతెవాడలో ఒక బస్సు, సుక్మాలో ఇంకో బస్సు మారి వచ్చేశాడు. కదలకుండా కూర్చునే మనుషుల్ని తీసి తీసి విసుగెత్తింది అతనికి. కదిలే మనుషులు కావాలనుకున్నాడు.

వాళ్ళు కదలడం కాదు, మాయమైపోతున్నారు! ఆ సాయంత్రం కెమెరా తెరిచి చూసుకున్నాడు. ఒక ఫోటోలో నురగ. ఒక దాంట్లో తెడ్డు కొస. హడ్మా అనే కుర్ర చాంపియన్ మోచెయ్యి ఒక్కటీ స్పష్టంగా పడింది. మిగతావన్నీ ఖాళీ నీళ్ళు.

గంగే వెనక నుంచి తొంగి చూసింది. “ఇండ్ల నేనేడ ఉన్న?”

“ఇప్పుడే వెళ్ళిపోయారండీ.”

ఆమె నవ్వాపుకోలేక రాయి మీద కూలబడింది. నవ్వయ్యాక మెల్లగా అంది. “నన్ను చూస్తన్నవ్. అందుకే దొరుకుత లేను. నేనేడికి చూస్తన్ననో ఆడికి చూడు. నా పడవ ఆడికే వస్తది.”

మర్నాడు రాజ్‌కుమార్ పొద్దున్నంతా కెమెరా ముట్టుకోలేదు. బండ మీద గొంతుక్కూర్చుని ఊరికే చూశాడు.

చూస్తున్నకొద్దీ అతనికి ఒళ్ళు గగుర్పొడిచింది. దూరం నుంచి చూస్తే వీళ్ళు నీళ్ళతో కొట్లాడుతున్నట్టుంటుంది. దగ్గరగా చూస్తే కొట్లాటే లేదు. హడ్మా నీటి గుంట అంచు మీద తెడ్డు అలా ఆనిస్తాడు, అంతే, కయాక్ ముక్కు ఆకాశానికి లేచి, తోక మీద నిలబడి, గిర్రున తిరిగి ఎగువకి మొహం పెడుతుంది. పూనం అనే పిల్ల కర్ర తగలబోతుంటే భుజం ఒక్క అంగుళం వంచి, చేప జారినట్టు జారిపోతుంది. ఎవరి మొహంలోనూ కంగారు లేదు. అంత హోరులో, అంత వేగంలో, వాళ్ళ కళ్ళు మాత్రం నిదానంగా తర్వాతి గేటు మీదికి వెళ్ళి ఆగుతున్నాయి. ఈ పిల్లలకి ఇంత నేర్పు ఎక్కడిది? ఇది ఎవరూ చూడలేదే! చూపించాల్సింది తనే కదా అనిపించింది.

గంగే చూపు వెళ్ళిన చోటికే ఆ మధ్యాహ్నం లెన్స్ తిప్పి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పడవ అక్కడికే వచ్చింది.

ఫోటో చూపిస్తే ఆమె కెమెరాని తన వైపు లాక్కుంది. బిగిసిన దవడ, చెవి పక్క నుంచి విడిపోతున్న నీటి తెర, ఎండ పడి మెరుస్తున్న కళ్ళు.

“నేను గిట్ల ఉంటనా?”

“ఇంకా బాగుంటారు. కెమెరా కాస్త తక్కువే చూపించింది.”

“అబ్బో! పెండ్లిండ్లల్ల గూడ గిట్లనే చెప్తవా అందరికి?”

“అక్కడ అబద్ధం చెప్తాను,” అన్నాడు రాజ్‌కుమార్.

గంగే హెల్మెట్ తీసి తలకి పెట్టుకుని పట్టీ బిగించుకుంది. తర్వాతి వంతు ఆమెది కాదు. మొహం దాచుకోవడానికి ఇంకేమీ దొరకలేదంతే.

ఆ రోజుల్లోనే కాలం కాని వాన ఒకటి వచ్చింది. అందరూ టార్పాలిన్ కిందికి పరుగెత్తారు. చోటు చాలక ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. టార్పాలిన్ మధ్యలో నీరు నిలిచి, పొట్టలా కిందికి దిగి, సరిగ్గా రాజ్‌కుమార్ నెత్తి మీద కారుతోంది. అతను జరగలేదు. జరిగితే ఈ పక్కనున్న గంగే భుజం దూరమవుతుంది మరి.

“నీకు ఈత వచ్చా?” ఉన్నట్టుండి అడిగింది. మీరు ఎప్పుడు నువ్వయిందో ఇద్దరూ గమనించలేదు.

“సముద్రం పక్క జిల్లా మాది,” అన్నాడు రాజ్‌కుమార్ దర్జాగా.

అబద్ధం చెప్పలేదు. అలాగని నిజమూ చెప్పలేదు.

వాన వెలిశాక శబరి ఎర్రబడి, ఉరవడి పెరిగింది. దుర్గేశ్ ఒక్కొక్కరినే వదులుతున్నాడు. “ధ్యాన్ సే!” అని ప్రతి ఒక్కరికీ హెచ్చరిక. రాజ్‌కుమార్ మలుపు అవతల బండ మీదికి చేరుకున్నాడు. కెమెరా పట్టీకి అడ్డమొస్తోందని లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టాడు.

గంగే వచ్చింది. ఎగువకి తిరగాల్సిన గేటు దగ్గర నీళ్ళు కయాక్‌ని పక్క నుంచి కొట్టాయి. ఒక్క క్షణంలో పడవ బోర్లాపడింది.

ఇది అతనికి కొత్త కాదు. వాళ్ళు బోల్తాపడతారు, నీళ్ళ కింద నుంచే తెడ్డు తిప్పి లేస్తారు. పడ్డంత త్వరగా లేస్తారు. ఈసారి లేవలేదు. ఎర్రటి పడవ అడుగు ఆకాశం వైపు, నురగలోంచి పైకి చాచిన ఒక చెయ్యి, పక్కన తెడ్డు. వేలు తనంతట తనే నొక్కేసింది.

తర్వాత ఏం చేశాడో అతనికే సరిగ్గా గుర్తులేదు. కెమెరా బండ మీద పెట్టాడు. దూకాడు.

గంగే ఆ పాటికే గిరుక్కున తిరిగి పైకి లేచి తల విదిలించుకుంది. చూస్తే ఎదురుగా ఎవరో నీళ్ళు మింగుతూ చేతులు కొట్టుకుంటున్నారు.

“అరె! సార్! చేతులు కొట్టకు! పడవ తోక పట్టుకో! గట్టిగ పట్టుకో!”

దుర్గేశ్ తాడు సంచితో పరుగెత్తుకొచ్చేసరికి ఆమె అతన్ని ఒడ్డుకి ఈడ్చుకొచ్చేసింది. జాకెట్ విప్పినందుకు దుర్గేశ్ హిందీలో తిట్టాల్సినవన్నీ తిట్టి, “ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండనీ” అని వెళ్ళిపోయాడు.

రాజ్‌కుమార్ దగ్గీ దగ్గీ తేరుకున్నాడు. గంగే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“సముద్రం పక్క జిల్లా అన్నవ్?”

“పక్కనే. లోపల కాదు.”

“ఈత రాకుండ ఎందుకు దూకినవ్?”

“నువ్వు లేవలేదు.”

“దూకి ఏం చేద్దామనుకున్నవ్?”

అతను నిజాయితీగా ఆలోచించాడు. “అంతవరకూ ఆలోచించలేదు.”

ఆమె ఏదో వెటకారం ఆడబోయింది. వంగి, అతని జుట్టులో చిక్కుకున్న ఆకు తీసి పారేసి, గబగబా వెళ్ళిపోయింది.

ప్రతి సాయంత్రం లాగే ఆ రోజు ఫోటోలన్నీ క్రీడాసంఘం వాళ్ళకి ఇచ్చేశాడు రాజ్‌కుమార్. నిజానికి ఆ తలకిందుల ఫోటో దగ్గర అతని వేలు ఆగింది. తీసేయాలా? కానీ ఫోటోగా అది గొప్పగా వచ్చింది. ఉంచేశాడు.

తెల్లారేసరికి అది ఫేస్‌బుక్‌లో ఉంది. పైన ‘మౌత్ సే ముకాబ్లా’ అని, చావుతో పోరాటమని, పెద్ద హిందీ అక్షరాలు. బీజాపూర్ నుంచి కొంటా దాకా ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఆ చెయ్యే. కొంటా బజారులో టీ తాగుతుంటే పక్క బల్ల వాళ్ళు, “పాపం, బతికిందా ఆ పిల్ల?” అని మాట్లాడుకుంటున్నారు. రాజ్‌కుమార్ టీ గ్లాసు అలాగే వదిలేసి లేచాడు.

ఆ పొద్దున గంగే ప్రాక్టీసుకి రాలేదు. మధ్యాహ్నం వచ్చింది. పడవ ఎక్కడానికి కాదు, హెల్మెట్ తిరిగి ఇచ్చెయ్యడానికి.

“అమ్మ చూసింది,” అంది. గొంతులో తడి లేదు, కోపమూ లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. “ఇగ నదికి పోవద్దన్నది. నర్మద లేదు, ఏం లేదన్నది.”

“గంగే, నేను పెట్టలేదు అది...”

“తీసింది నువ్వే. ఇచ్చింది నువ్వే. అన్నిసార్లు సక్కగ దిగిన కదా! అవన్ని నీ దగ్గర ఉన్నయి. నేను పడ్డదే దొరికిందా అందరికి చూపెట్టనీకి?”

ఆమె రాళ్ళ మీంచి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. నేర్పు చూపించాలని కదా కూర్చున్నాడు, చివరికి చూపించింది భయాన్ని.

క్రీడాసంఘం వాళ్ళతో గొడవపడి ఆ ఫోటో తీయించేశాడు. తీసినా ఏం లాభం, అప్పటికే అందరి ఫోన్లలోకీ చేరిపోయింది. మర్నాడు జీపెక్కి గంగే వాళ్ళ ఊరికి వెళ్ళాడు.

వాకిట్లో ఆమె తల్లి కన్నమ్మ చేటతో వడ్లు తూర్పారబడుతోంది. తండ్రి జోగ చూరు కింద వల అల్లుకుంటున్నాడు. గుమ్మంలో గంగే అతన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది.

“నమస్తే అమ్మా. ఆ ఫోటో తీసింది నేనే.”

కన్నమ్మ చేట కింద పెట్టింది. కోపంతో కాదు, భయంతో అడిగింది. “నా బిడ్డ మునుగుతుంటె ఫోటో దీసుకుంట నిలవడ్డవా బాబు?”

ఆ ప్రశ్న సూటిగా వచ్చి గుచ్చుకుంది. “ఆ ఒక్కటే తీసేనమ్మా. తర్వాత దూకీసేను.”

“దూకి, బయటికి తీసినవా?”

“లేదమ్మా. మీ అమ్మాయే నన్ను బయటికి తీసింది. నాకు ఈత రాదు.”

జోగ చేతిలో వల ఆగిపోయింది. కన్నమ్మ అతన్నీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. “నిజమేనానే?”

గంగే తల వంచుకునే, “నేను లేచి చూసేసరికి ఈ సార్ నీళ్ళు తాగుతున్నడమ్మ,” అంది. అంటుంటేనే గొంతు నవ్వుతో వణికింది.

ముందు జోగ నవ్వాడు. భుజాలు ఊగేలా, వల జారిపోయేలా నవ్వాడు. కన్నమ్మ నవ్వలేదు. అరుగు మీద కూర్చుంది.

“ఇన్ని మాటలు నాకు ఎవ్వరు చెప్పలే. ఆ ఫోటోల నా బిడ్డ మీదికి లేవలే. ఏం పని చేస్తున్నా ఆ చెయ్యే కనపడుతాంది.”

“లేచినప్పుడు నేను నీళ్ళలో ఉన్నానమ్మా. అందుకే ఆ ఫోటో లేదు.” రాజ్‌కుమార్ ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. “నా ఫోటోలేవీ మీకు చూపించను. ఆదివారం మీరే రండి. పోటీ చూడండి. ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే, మీ మాటే.”

కన్నమ్మ కూతురి వైపు తిరిగింది. “మళ్ళ పడితె?”

“మళ్ళ లేస్త,” అంది గంగే.

అంతే అంది. కానీ ఎలా అందంటే, రాజ్‌కుమార్‌కి ఆ క్షణాన చేతిలో కెమెరా లేనందుకు బెంగ అనిపించలేదు. తను ఒక్కడే చూసినందుకు గర్వం వేసింది.

ఆదివారం శబరి ఒడ్డు తిరునాళ్ళలా ఉంది. కన్నమ్మ జనంలో నిలబడలేక రాజ్‌కుమార్ పక్కకి వచ్చింది. ఈసారి అతను జాకెట్ విప్పలేదు. గంగే పేరు మైకులో పిలవగానే కన్నమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. కెమెరా గజగజ వణికింది. వదలమనడానికి అతనికి నోరు రాలేదు.

గంగే వచ్చింది. మొదటి గేట్లు కర్రలు కదలకుండానే దాటింది. ఎర్రహెల్మెట్ నురగలో మునుగుతూ తేలుతూ వస్తోంది. ఎగువకి తిరిగే గేటు రానే వచ్చింది. పడవ పక్కకి ఒరిగింది, ఆమె తల దాదాపు నీళ్ళని తాకింది. కన్నమ్మ కళ్ళు మూసుకుంది.

“చూడండమ్మా! కళ్ళు తెరవండి, చూడండి!”

కన్నమ్మ కళ్ళు తెరిచింది. గంగే చూపు అప్పటికే గేటు లోపల ఉంది. తెడ్డు ఒక్కసారి లోతుగా దిగింది. పడవ ముక్కు లేచి, గాలిలో సగం చుట్టు తిరిగి, రెండు కర్రల మధ్య నుంచి దారం సూదిలోకి దూరినట్టు దూరింది. ఎగిరిన నీరంతా ఎండలో వెలిగి ఆమె చుట్టూ రాలింది. మోచెయ్యి ఇంకా తల్లి చేతిలోనే ఉన్నా, రాజ్‌కుమార్ నొక్కాల్సిన చోటే నొక్కాడు.

“అది నా బిడ్డేనా?” అంది కన్నమ్మ, కూతుర్ని మొదటిసారి చూస్తున్నట్టు. ఆ తర్వాత ఆ జనంలో, ఆ హోరులో, ఎవరికీ వినిపించదని తెలిసి కూడా, “తియ్! తెడ్డు తియ్యే! గట్టిగ తియ్!” అని గొంతు చించుకుని అరిచింది.

ఎంపికైనవాళ్ళ పేర్లలో హడ్మా పేరు, పూనం పేరు, గంగే పేరు ఉన్నాయి. నర్మద దగ్గర నిలబడి చీర కొంగుతో కూతురి తల తుడవడానికి తను కూడా రావచ్చునా అని కన్నమ్మ వెళ్ళి దుర్గేశ్‌నే అడిగింది.

జనం పలచబడ్డాక గంగే పడవ కడుక్కుంటుంటే రాజ్‌కుమార్ దగ్గరికి వెళ్ళాడు.

“రేపు కిరండూల్ బస్సు,” అన్నాడు.

“తెలుసు.”

“కోపం పోయిందా?”

“సగం. మిగిలింది ఎట్ల పోతదో నువ్వే చెప్పు.”

చెప్పాలనుకున్న మాటలన్నీ అతను దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. అందులో ఒక్కటీ రాలేదు.

“గంగే, కెమెరాలో నువ్వు నాకు సెకనులో వెయ్యో వంతే దొరుకుతావు. నాకు అది చాలట్లేదు.”

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. కిందికి చూసింది. ఎటు చూస్తే పడవ అటే వస్తుందని చెప్పిన పిల్ల, ఇప్పుడు మాత్రం ఎటు చూడాలో తెలియక పడవనే చూస్తోంది.

“మరి... ఎంత కావాలె?” అంది చివరికి.

“మొత్తం కావాలి. ఏటి, ఎక్కువ అడిగేనా?”

“ఎక్కువే.” తలెత్తింది. కళ్ళలో శబరి అంత మెరుపు. “కాని ఇస్త.”

అంతలో కన్నమ్మ చెట్టు కింద నుంచి కేకేసింది, అన్నం చల్లారిపోతోందని. అడ్డాకుల విస్తళ్ళలో అన్నం, చేపల కూర. కూతురి పక్కన రాజ్‌కుమార్‌కీ ఒక విస్తరి వేసింది. అతను కూర్చోగానే కన్నమ్మ భర్తతో వాళ్ళ దోర్లీ భాషలో ఏదో అంది. జోగ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. గంగే చటుక్కున తల వంచేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఏమన్నారు మీ అమ్మ?” గుసగుసగా అడిగాడు.

“ముండ్లు ఉంటయి, చూసి తినమన్నది.”

“ఆ మాటకి మీ నాన్న అంతసేపు నవ్వుతారా?”

గంగే కాసేపు అన్నం కెలికింది. తర్వాత అతనికి మాత్రమే వినపడేలా చెప్పింది.

“ఈతరాని అల్లుడు దొరికిండు, ఇగ నదికి పోయినప్పుడల్లా ఇద్దరిని కాయాలె అన్నది.”